మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు, పది సిలిండర్ల కారు

2022 చివర్లో జరిగిన సంగతి ఇది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన నాకొక చిన్న షెడ్డు ఉంది. నేను కార్లు అమ్మను, కొనను, రిపేరు కూడా చేయను. ఎవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు నన్ను వెంట తీసుకుపోతే, దాన్ని పరీక్షించి మంచీ చెడూ రాసి ఇస్తాను. మా వృత్తిలో దీన్ని ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పెళ్ళికి ముందు పిల్లవాడి గురించి వాకబు చేసే బంధువు పని నాది. సంసారం బాగుంటే నేనెవరికీ గుర్తుండను. చెడితే మాత్రం అందరూ నన్నే తిడతారు.

చెన్నైలో ఖరీదైన కార్ల వర్క్‌షాపులో పద్నాలుగేళ్ళు పనిచేసి వచ్చానన్న పొగరు అప్పట్లో నాకు కొంచెం ఉండేది. ముఖ్యంగా నా చెవి మీద మహా నమ్మకం. ఇంజన్ స్టార్ట్ చేసిన మూడో సెకనుకే దాని జాతకం చెప్పేస్తానని నలుగురిలో గొప్పలు పోయేవాడిని. తిరుపతిలో ఆ చెవికి దొరికే పని టాక్సీగా తిరిగి తిరిగి, మీటరు వెనక్కి తిప్పించుకున్న తెల్ల సెడాన్లే. అలాంటి చోటికి ఒక బుధవారం పొద్దున భార్యాభర్తలిద్దరు చిత్తూరు నుంచి వచ్చి, సూపర్ కారు చూసి పెట్టాలన్నారు.

ఆయన పేరు మునిరత్నం. అరవైకి దగ్గర్లో ఉంటాడు. చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. ఆవిడ కామాక్షమ్మ.

"ఏమబ్బా! సౌండు బాగుండే కారు కావాల!" అని ఆయన అరిచిన అరుపుకు పక్క షెడ్డులో టైర్లు మార్చేవాళ్ళు లేచి వచ్చారు.

"అరవబాకు. ఆయప్ప నీ ముందరే ఉండాడు," అంది కామాక్షమ్మ. ఆయనకు వినబడలేదు.

అసలు విషయం ఆవిడే చెప్పింది. ముప్పై ఏళ్ళుగా సీజను వచ్చిందంటే ఆయన పల్పర్ పక్కనే నిలబడతాడు. కాయను నలిపి, టెంకనూ గుజ్జునూ వేరు చేసే మిషను అది. ఆ మోతకు చెవులు పోయాయి. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కూడా మెల్లగా తగ్గుతుందనీ, చెవి మిషను పెట్టుకుంటే మాటలు వినబడతాయనీ వేలూరులో డాక్టరు చెప్పాడు. చెవికి సరిపోయేలా మిషను చేయించారు కూడా. అది ఎనిమిది నెలలుగా కామాక్షమ్మ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

"పెట్టుకోమంటే ముసిలోళ్ళు పెట్టుకునేది అంటాడప్పా. సెవులు పూర్తిగా పొయ్యే లోపల మంచి కారు సౌండు ఇనాలంట. సరే, ఆశ పడినాడు, కానీమన్నా. అయితే రెండేండ్లకు అమ్మినా రేటు పడిపోకూడదు. అది నువ్వు సూడాల."

ఆయనకు సౌండు కావాలి, ఆవిడకు రీసేల్ కావాలి. ఇద్దరూ నా ముఖం వైపే చూస్తున్నారు. నేను కాగితం తీసి నా పాండిత్యం మొదలుపెట్టాను. సూపర్ కారుకు రేటు నిలబెట్టేది రంగు, ఆప్షన్లు, సర్వీస్ హిస్టరీ. ఎరుపు, పసుపు, తెలుపు అయితే కొనేవాడు దొరుకుతాడు. ముదురాకుపచ్చ అయితే కొన్నవాడితోనే ఉండిపోతుంది. ఆప్షన్లలో ఫ్రంట్ లిఫ్ట్ తప్పనిసరి. బటన్ నొక్కితే కారు ముక్కు నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. అది లేని కారు మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట ఆనించుకుని కూర్చుంటుంది.

మునిరత్నం కాగితం మీద నేను రాసింది శ్రద్ధగా చదివి ఒకటే అడిగాడు. "మా ఫ్యాక్టరీ గేటులో లారీ కాటా ఉండాది. ఎక్కుతాదా?"

"లిఫ్ట్ ఉంటే ఎక్కుతుందన్నా!" అని నేనూ అరిచాను.

"ఎక్కితే సాలు. ఎంత బరువుండాదో కూడా సూస్తాం," అన్నాడు సంతోషంగా.

తర్వాతి వారం పలమనేరు మీదుగా బెంగళూరు పోయాం. పాత డీజిల్ బండిలో దారి పొడవునా ముగ్గురం అరుచుకుంటూనే ఉన్నాం. ములబాగిలు దగ్గర టీకి ఆగేసరికి నా గొంతు కీచుమంటోంది. కామాక్షమ్మ ఇంట్లో రోజూ ఇదే పనేమో అనుకుని ఆవిడ మీద జాలిపడ్డాను.

అక్కడ ఖరీదైన సెకండ్ హ్యాండ్ కార్ల షోరూములో నా లెక్క ప్రకారం పోటీకి రెండే కార్లు నిలిచాయి. ఒకటి ఎర్ర రంగుది, పది సిలిండర్లు, ఫ్రంట్ లిఫ్ట్ ఉంది, పుస్తకంలో సర్వీసులన్నీ సక్రమంగా ఉన్నాయి. రెండోది ఎనిమిది సిలిండర్ల ముదురాకుపచ్చ కారు, రీసేల్ మార్కెట్లో అనాథ. ఎర్ర కారును పొద్దుటి నుంచి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పి పెట్టాను. చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేయడాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. ఇంజన్‌కు ఏ రోగమున్నా అప్పుడే బయటపడుతుంది.

సేల్స్ మేనేజరు గర్వంగా బటన్ నొక్కాడు. షోరూము అద్దాలు జివ్వుమన్నాయి. రిసెప్షన్లో అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. మేనేజరు ఇంకా హుషారుగా యాక్సిలరేటర్ తొక్కితే, పది సిలిండర్లూ కలిసి సన్నగా, పైస్థాయిలో కూత పెట్టాయి. నాకైతే ఒళ్ళు పులకరించింది. కాగితం మీద సౌండ్ అన్న గడిలో పదికి పది వేసేశాను.

మునిరత్నం మర్యాదగా కొంచెంసేపు వేచి చూసి, "స్టార్ట్ సేసినాడా?" అన్నాడు.

మేనేజరు కాలు ఆగిపోయింది. పదేళ్ళ అనుభవంలో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు ఉండి ఉండరు. అప్పుడు నాకు వెలిగింది. మోత తిన్న చెవులకు ముందు పోయేవి సన్నటి శబ్దాలే. ఈ కారు గొప్పతనమంతా ఆ సన్నటి కూతలోనే ఉంది. ఆయన వరకు అది మూగ కారు.

ఆయన నిరాశపడలేదు. ఆ కారుకు ఇంజన్ వెనకవైపు ఉంటుంది కాబట్టి వెనక్కి పోయి, దాని మూతపై అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాక్టరీలో పల్పర్ ఎట్లా నడుస్తోందో ఇలాగే చూస్తాడని కామాక్షమ్మ చెప్పింది. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినబడదు కాబట్టి అక్కడ పనివాళ్ళందరూ చేతితోనే మిషను నాడి చూస్తారట.

"ఇది కుంటతా ఉండాదబ్బా," అన్నాడు.

"లేదన్నా, బ్రహ్మాండంగా ఉంది," అన్నాను, పదికి పది వేసిన పెద్దమనిషిని కదా.

"నువ్వు సెయ్యి పెట్టి సూడు. పది అడుగులు బాగా వేస్తాది, ఒగ అడుగు తడబడతాది."

ఆయన తృప్తి కోసం ఇంజన్ లోపాలు చూపించే స్కానర్ తగిలించాను. ఒక సిలిండర్ అప్పుడప్పుడూ మండటం లేదని, అంటే మిస్‌ఫైర్ అవుతోందని, స్క్రీన్ మీద అంకెలతో సహా వచ్చింది. మేనేజరు ఏసీలో నిలబడి చెమట తుడుచుకున్నాడు. నేను సౌండ్ గడిలో వేసిన పదిని ఎవరూ చూడకుండా కొట్టేశాను. చెవులున్న నేను పాటకు మురిసిపోయాను. చెవులు లేని ఆయన రోగం పట్టుకున్నాడు. ఆ రోజు సిగ్గుపడినంతగా వర్క్‌షాపులో ఇంజన్ ఆయిల్ మూత బిగించడం మరిచిపోయిన రోజు కూడా సిగ్గుపడలేదు.

తర్వాత ఆకుపచ్చ కారు స్టార్ట్ చేశారు. ఎనిమిది సిలిండర్ల బొంగురు గొంతు కింది నుంచి గుడగుడమని లేచింది. మునిరత్నం ముఖం విచ్చుకుంది. "ఇనపడతా ఉండాది! ఇది మాట్లాడతా ఉండాదబ్బా!" అంటూ కారు చుట్టూ తిరిగాడు.

మేనేజరు ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో కామాక్షమ్మ తల పక్కకు తిప్పుకుని మెల్లగా అంది. "నేను వంటింట్లో నించి కూటికి రమ్మని అయిదేండ్లుగా పిలస్తా ఉండా. అది ఇనపడలా. దీని మాట ఇనపడిందంట."

"ఏమంటాది?" అని మునిరత్నం నన్ను అడిగాడు.

"ఏం లేదన్నా," అన్నాను. ఆయన వదల్లేదు. "సెప్పబ్బా, రేటు గురించా?" చెప్పాలంటే అరవాలి. ఒక ఆడమనిషి గుండెలో మాటను బెంగళూరు షోరూములో, పదిమంది ముందు, నేను అరిచి చెప్పాలి. వేరే దారి లేక అరిచాను.

"అక్క అయిదేళ్ళుగా అన్నానికి పిలుస్తుంటే మీకు వినబడలేదంట! కారు మాట మాత్రం వినబడిందంట!"

షోరూమంతా మా వైపు తిరిగింది. మునిరత్నం ఆకుపచ్చ కారును చూశాడు, భార్యను చూశాడు. ఆవిడ ముందు చెయ్యి చాపాడు. ఆవిడ బ్యాగు తెరిచి డబ్బీ ఇచ్చింది. కొత్త కమ్మలు పెట్టుకునే పిల్లలా ఆయన మెడ వంచి నిలబడితే ఆవిడే చెవులకు మిషను తగిలించింది.

"ఏందా హుస్సుమనేది?"

"ఏసీ అన్నా," అన్నాను. అలవాటుగా అరిచాను. ఆయన ఎగిరిపడి, "గమ్మున సెప్పబ్బా, సెవులు పగిలిపోతాయి," అని నన్నే కసిరాడు.

"మరి ఇది?"

"నా గాజులు," అంది కామాక్షమ్మ.

"ఎప్పుడూ ఇట్నే మోగుతాయా?"

"పెండ్లయినప్పటి నించి మోగుతా ఉండాయి."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని గాజులను ఇంకోసారి కదిలించి విన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోను. మేనేజరు మాత్రం వ్యాపారం చెడిపోకుండా మళ్ళీ ఆకుపచ్చ కారు బటన్ నొక్కాడు.

"ఆపబ్బా, ఆపు!" మునిరత్నం రెండు చేతులూ ఊపాడు. "మా పల్పర్ మాదిరే ఉండాది. ముప్పై ఏండ్లు ఊరికే ఇన్న సౌండును ఇప్పుడు దుడ్లిచ్చి ఇనాల్నా?"

పోతూ పోతూ ఆయన చూపు మూలనున్న ఎలక్ట్రిక్ కారు మీద పడింది. స్టార్ట్ చేయమన్నాడు. చేసే ఉందన్నాడు మేనేజరు. మునిరత్నం నమ్మక, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, "సచ్చిపొయ్యిందేమో సూడబ్బా," అన్నాడు. నా ధర్మం కొద్దీ చెప్పాను, బ్యాటరీ భయంతో వీటికి రీసేల్ అన్నిటికంటే తక్కువ అని. తిరుపతి నుంచి రీసేల్ రీసేల్ అని నా ప్రాణం తీసిన కామాక్షమ్మ నన్ను విచిత్రంగా చూసింది.

"అమ్మేదెవరప్పా?"

టెస్ట్ డ్రైవులో వెనక సీట్లో కూర్చున్నాను. ముందు ఇద్దరూ మామూలు గొంతులతో మాట్లాడుకుంటున్నారు. నిజం చెప్పాలంటే పోట్లాడుకుంటున్నారు. వినబడలేదని వదిలేసిన అయిదేళ్ళ మాటలన్నీ ఆవిడ వరసగా తీస్తోంది, ఆయన ఒక్కోదానికి జవాబు చెబుతున్నాడు. కారు గురించి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే దాన్ని కొన్నారు. నెల తర్వాత కామాక్షమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడు ప్రతి మాటకూ ఎదురు సెప్తా ఉండాడప్పా," అని ఫిర్యాదు చేసింది. గొంతులో మాత్రం పండగ.

ఆ కేసు తర్వాత నా చెవి గురించి గొప్పలు మానేశాను. ఏ కారుకైనా ముందు అరచెయ్యి ఆనించి చూస్తాను. రిపోర్టులో సౌండ్ అన్న గడి తీసేశాను. సౌండ్ ఎలా ఉంటుంది సార్ అని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. పక్క సీట్లో ఎవరు కూర్చుంటారని వాళ్ళను అడుగుతాను. చాలామంది దానికి జవాబు ఆలోచించుకుని రారు.