గోలీకి చాయ్ తోడైతే

కిందటేడు కూతురిని చూడటానికి నారాయణఖేడ్‌లో హైదరాబాద్ బస్సెక్కాను. బీపీకి ఇచ్చిన, ఒంట్లో నీరు పోయే గోలీ వేసుకుని, పైన రెండు చాయ్‌లు తాగాను. ఊరు దాటగానే మొదలైంది. కూర్చోలేను, నిలబడలేను.

“ఏందక్కా, గట్ల మెలికలు తిరుగుతున్నవ్?” కండక్టరమ్మ అరిచింది. బస్సంతా నావైపే చూసింది. చెవిలో చెప్పాను.

“అన్నా, గా కందిచేను కాడ ఆపు!” డ్రైవర్‌కు కేకేసిందామె.

తలవంచుకుని దిగాను. తిరిగి చూస్తే, నా వెనకే బస్సులోని ఆడవాళ్ళంతా దిగుతున్నారు!

మళ్ళీ బస్సెక్కాక పక్కసీటు ముసలమ్మ నీళ్ళసీసా తీసింది. “నాకు కిడ్నీల రాళ్లున్నయ్ బిడ్డా. నీళ్లు బాగ తాగుమన్నరు. బస్సెక్కిన్నాడు భయానికి సుక్క గూడ ముట్ట. ఇయ్యాల నువ్వున్నవ్ గద, తాగుత.”

ఇప్పుడు డాక్టర్‌ను అడిగి, ప్రయాణం రోజు గోలీ ఊరు చేరాకే వేసుకుంటున్నాను. బస్సు ఆపమనడానికి మాత్రం సిగ్గుపడను.