మా అమ్మాయి చదవని వాక్యం

ప్రతి జులై నాలుగున శాన్ రామన్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీ ముందు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదువుతారు. పదమూడు కాలనీల వాళ్ళు ఇంగ్లండ్ రాజు మీద రాసుకున్న ఫిర్యాదులన్నీ అందులో ఉంటాయి. ఒక్కో ఫిర్యాదు ఒక్కొక్కరు మైకు ముందు నిలబడి చదవాలి. ఎవరికి ఏది అన్నది ముందే చీటీలు తీసి తేలుస్తారు. సెలవులకు కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఈ ఏడు పేరిచ్చింది. చీటీ పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"డాడీ, ఇది చూడు! బయట్నుంచి వచ్చినవాళ్ళని సిటిజెన్స్ అవ్వనివ్వట్లేదని కింగ్ మీద కంప్లైంట్ చేశారు. అప్పట్లోనే! అది నాకే వచ్చింది!"

నాకు మాత్రం భయం వేసింది.

తనకు రెండేళ్ళప్పుడు హైదరాబాద్ నుంచి నా చంకెక్కి వచ్చింది. తను థర్డ్ గ్రేడ్‌లో ఉండగా నేను గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డాను, ఇంకా నిలబడే ఉన్నాను. ఆగస్టులో తనకు ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజు నుంచి నా వీసా తనకు పనికిరాదు. స్టూడెంట్ వీసాకు మార్చమని పెట్టిన అప్లికేషన్ ఏ ఆఫీసరు టేబుల్ మీద ఉందో తెలియదు. కాదన్నారంటే, ఒక్క వీధి కూడా గుర్తులేని ఊరికి తను ఒంటరిగా వెళ్ళాలి.

వీసా మీద బతికేవాళ్ళకు ఒక జబ్బుంటుంది. పిటిషన్ల మీద సంతకాలు పెట్టం. కారుకు స్టిక్కర్ అంటించం. గ్రూపులో రాజకీయం వస్తే బొటనవేలు బొమ్మ కూడా పెట్టం. మమ్మల్ని ఎవరైనా చూస్తున్నారా అంటే ఏమో. ఆ ఏమో అనేదే నన్ను చంపుతుంది.

మర్నాడు తనకు చెప్పకుండా లైబ్రరీకి వెళ్ళాను. చీటీలు చూసుకునే పెద్దావిడ రిటైరైన టీచరు. మా అమ్మాయికి ఆ పెద్ద పెద్ద పదాలు పలకడానికి నోరు తిరగదు, ఇంకోటి ఇవ్వగలరా అని అడిగాను. ఐదో ఏటి నుంచి నా ఇంగ్లీషును దిద్దుతున్న పిల్ల గురించి, సిగ్గులేకుండా ఆ మాట అన్నాను. ఆవిడ జాలిపడి వెంటనే మార్చేసింది.

నాలుగో తారీకున మైకు ముందు కాగితం అందుకోగానే తను తలెత్తి జనంలో నాకోసం వెతికింది. నేను కింద గడ్డి చూస్తూ కూర్చున్నాను. రాజు సభలను దూరాభారమైన చోట్ల పెట్టించి సభ్యులను అలసిపోయేలా చేశాడన్న ఫిర్యాదు తను గంట కొట్టినట్టు చదివింది. తనకు రావలసిన వాక్యాన్ని టోపీ పెట్టుకున్న ఓ ముసలాయన గబగబా చదివేసి దిగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

ఆ ప్రకటన కింద పేర్లు రాసినవాళ్ళు దొరికితే ఉరే. తెలిసే రాశారు. యుద్ధం గెలిచి, కొత్త ప్రభుత్వం కట్టుకుని, పరాయివాళ్ళు పౌరులయ్యే పద్ధతి రాసే పని తమ చట్టసభ కాంగ్రెస్‌కు అప్పజెప్పుకున్నారు. రాజు పోయినా నా లైను కదలడం లేదు. దాని మీద కోప్పడదామంటే ఎవరి మీద కోప్పడాలో తెలియదు. నా చేతిలో ఉన్నది నా కూతురి నోరొక్కటే, దాన్నే మూశాను.

తిరిగి వస్తుంటే కారులో అడిగింది.

"నువ్వే మార్పించావా?"

"ఆఁ."

"వై, డాడీ? అది నేను రాసింది కాదు. వాళ్ళు రాసుకున్నదే. చదివితే నన్నేం చేస్తారు?"

"ఏం చేస్తారో తెలిస్తే ఇంత భయం ఎందుకు నాన్నా? నాకు తెలీదు."

సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కన జెండా కట్టిన పికప్ ట్రక్కు ఆగింది. అప్పుడు తను చేతిలో కాగితం లేకుండానే ఆ వాక్యం మొదలుపెట్టింది, మైకు ముందు నిలబడినంత గట్టిగా.

నా వేలు బటన్ మీదికి వెళ్ళిపోయింది. తన వైపు కిటికీ అద్దం పైకి లేచింది. తను ఆ అద్దం పూర్తిగా మూసుకునేదాకా చూసి, వాక్యం సగంలో ఆపేసింది.