కాన్పుల గదిలో మొగోడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా యూనిఫాం కంటే నా పౌరుషానికే ఇస్త్రీ ఎక్కువ. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను కాన్పుల వార్డుకు వేశారు. నర్సింగ్ చదివేటప్పుడు మగపిల్లలను కాన్పు గదిలో కర్టెన్ అవతలే నిలబెట్టేవారు (ఆ కర్టెన్ మీది పూలన్నీ నాకు కంఠతా వచ్చు). అలాంటిది, కర్టెన్ ఇవతలికి వచ్చాక మొదటిసారి ఒక పసిబిడ్డ నా చేతుల్లో కెవ్వుమన్నప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇదే నా పని, ఎవరేమన్నా వదలను అనుకున్నాను. అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. "అడిగినోళ్లకు ఐసీయూల చేస్తుండని చెప్పిన బిడ్డా, నువ్వు గూడ గదే చెప్పు" అని బతిమాలేది. నేను పనిగట్టుకుని బస్టాపులో నిలబడి, అడగని వాళ్లకు కూడా "కాన్పుల వార్డు" అని గట్టిగా చెప్పి వచ్చేవాణ్ణి.

వార్డులో మా పెద్ద సిస్టర్, భర్తకు ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నేనంటే అభిమానమే, కానీ నా నోరంటే భయం. "చూడు బాబూ, నీ మీద ఇంకొక్క కంప్లెయింట్ వచ్చిందంటే క్యాజువాలిటీకి మార్చేస్తామంటున్నారు పైవాళ్లు. నేనేమీ చెయ్యలేను. కాస్త తగ్గి ఉండు" అని చెప్పింది. తగ్గి ఉంటానని మాటిచ్చాను. ఆ మాట మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

ఆ పొద్దున లక్డారం నుంచి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. కొడుకు పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్టు దిగి వస్తున్నాడట. అత్త చాయ్ తాగడానికి కిందికి వెళ్లింది. కోడలు నొప్పులకు మెలికలు తిరిగిపోతోంది. నడుము ఒత్తనా అని అడిగితే తలూపింది. వార్డు ఆయమ్మ పక్కన ఉండగా, నేను నడుము ఒత్తుతూ, "జెర ఊపిరి గట్టిగ తీస్కో అక్కా, భయపడకు" అంటున్నాను. సరిగ్గా అప్పుడే అత్త తలుపు తీసింది.

"ఓ పిలగా, ఎవ్వలు నువ్వు? ఈడేం పని నీకు?"

"నర్సును, పెద్దమ్మా."

"మొగోడివి, నర్సేంది?"

"మరి కాన్పు చేసే పెద్ద డాక్టరు గూడ మొగాయనే గద?"

"ఆయన డాక్టరు."

"నేను నర్సును."

"నేను గూడ గదే అంటున్న!"

నన్ను బయటికి నడిపించి, వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. అక్కడ ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకునే రకమా? "అక్కకు ఏం ఇబ్బంది కానియ్య పెద్దమ్మా" అన్నాను. "అక్కంటివి! అక్క కాన్పుకాడ తమ్ముడుంటడా? ఏ ఊర్ల ఉన్నది గీ రివాజు?" అంది. నిజమే, మా ఊళ్లోనూ లేదు. వరుస మార్చేస్తే గొడవ తీరుతుందనుకుని, "సరే, మేడమ్ అంట" అన్నాను. "సూసినవా, ఇప్పుడు పరాయోడైండు! పరాయోన్ని లోపలికి ఎట్ల రానిస్తరు?" అంది. తమ్ముడైతే తప్పు, పరాయివాడైతే తప్పు. ఇక మిగిలిన వరుస ఏదా అని బుర్ర గోక్కుని, నా తెలివి ఏడ్చినట్టే ఉంది, "అయితే వదినా అంట, సరేనా?" అనేశాను. వరండాలో కూర్చున్న వాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. (ఎక్కడైనా వరుసకు వదినతో వేళాకోళమాడతారు గానీ, వదిన కాన్పు దగ్గర నిలబడతానన్న మొదటి మరిది నేనే అయ్యుంటాను.) అత్త మాత్రం నవ్వలేదు. కొంగు బిగించి పెద్ద సిస్టర్‌ను పిలవమంది.

పెద్ద సిస్టర్ వచ్చి అంతా విని నుదురు కొట్టుకుంది. "అయిపోయింది బాబూ. నువ్వు క్యాజువాలిటీకి వెళ్లిపో" అంది. నా కాళ్లు వణుకుతున్నాయి. ఇప్పుడు వెళ్లానంటే ఈ గదిలోకి మళ్లీ అడుగు పెట్టలేనని నాకు తెలుసు.

"పోను సిస్టర్" అన్నాను. "పేషెంటు వద్దంటె ఇప్పుడే పోత, మారు మాట్లాడ. అత్తమ్మ వద్దంటె మాత్రం పోను. కనేది ఆమె గాదు గద! లోపలికి పోయి ఒక్కసారి పేషెంటును అడుగు."

నేను ఉండాలా వద్దా అని ఆవిడనే అడగాలని అప్పటిదాకా మాలో ఎవరికీ తోచనే లేదు. సిస్టర్ లోపలికి వెళ్లి అడిగే లోపే కేక వినబడింది.

"అత్తా! నొప్పులు నీకా నాకా? ఆయన ఒత్తితేనే జెర నయమున్నది. ఆయన్నే రమ్మను. కుర్చి తీయ్! నువ్వు వరుసలు బయట కూసొని ఎంచుకో!"

అత్త లేచి కుర్చీ పక్కకు జరిపింది. నేను పరుగెత్తాను.

ఆడపిల్ల పుట్టింది. తల్లిగుండె మీద కాసేపు ఉంచి, బట్టలో చుట్టి తెచ్చి నానమ్మ చేతుల్లో పెట్టాను. ఆవిడ మనవరాలిని చూసి ముద్దులాడి, తర్వాత నా వంక చూసి, "బిడ్డను మంచిగ పట్టుకున్నవ్. గని మొగోడు ఉండుడు తప్పే, నేనొప్పుకోను" అంది.

"ఒప్పుకోకు పెద్దమ్మా. నేనైతే పోను" అన్నాను.

పోలేదు కూడా. ఇప్పటికీ అదే వార్డు. ఈమధ్య తెల్లాపూర్ అపార్టుమెంట్ల నుంచి వచ్చే వాళ్లు కుర్చీలు అడ్డం వేయరు, "ఫిమేల్ స్టాఫ్ లేరా అండీ?" అని మర్యాదగా అడుగుతారు. నేను తల్లి కాబోయే ఆవిడ వైపే తిరిగి, "మీరేమంటారు?" అంటాను. ఆవిడ వద్దంటే తప్పుకుంటాను. ఉండమంటే, భర్త అయినా మామగారైనా నన్ను కదిలించలేరు. ఆవిడ మాటే నాకు ఆర్డరు. కానీ ఒక్కోసారి డ్యూటీ దిగి చాయ్ తాగుతూ, అంతమంది నవ్వుతుంటే చెవులు ఎర్రబడి, కాళ్లు వణుకుతూ "పోను" అన్న ఆ బక్కపల్చటి కుర్రవాణ్ణి తలుచుకుంటాను. ఇప్పుడు నా కాళ్లు వణకవు. వణుకుతూనే నిలబడ్డ వాడంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.