గల్లీ చివర నిలబడే మనిషి

ఢిల్లీ మునిర్కాలో ఆ గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురెదురు మేడల్లోని ఆడవాళ్ళు కిటికీల్లోంచే పచ్చిమిరపకాయలు అందించుకోగలరు. నెత్తిన కరెంటు తీగలు చిక్కుపడ్డ జుట్టులా వేలాడుతుంటాయి. వాటి కింద ఒకదాన్నొకటి తోసుకుంటూ బోర్డులు. మొమోల కొట్టుది, జిరాక్స్ షాపుది, జిమ్ముది, అద్దెగదులది. వాటిలో ఏవి కూతురు శరణ్య చేసినవో సరోజకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కదాని కోసం గల్లీ చివర నిలబడింది తనే.

శరణ్య పని పద్ధతి అది. బోర్డును కంప్యూటర్లో గీశాక, అసలు సైజులో కాగితాల మీద ప్రింటు తీసి, ముక్కలన్నీ అతికించి, షాపు నెత్తిన తాళ్ళతో కట్టించేది. తర్వాత వంటింట్లో ఉన్న తల్లిని పిలుచుకొచ్చేది. సరోజ ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. హిందీ బస్సుల మీద చూసి చూసి పట్టుకుంది. ఇంగ్లీషులో పెద్దక్షరాలు మాత్రం గుర్తుపడుతుంది. కూతురికి కావలసింది అలాంటి కళ్ళే.

"పఢే లిఖే లోగ్, చదువుకున్నవాళ్ళు, సగం చూసి మిగతాది గెస్ చేసేస్తారు అమ్మా. నువ్వు గెస్ చెయ్యవు. నువ్వే నా ల్యాబ్."

"అంటే ల్యాబులో ఎలకనన్నమాట."

నవ్వుతూనే తల్లిని గల్లీ చివరికి పంపి, తను షాపు కింద నిలబడి అరిచేది. "అమ్మా, దిఖా?"

"కనపడతా ఉంది లేవే."

"థోడా ఔర్ పీఛే."

సరోజ కూరల సంచితో ఇంకాస్త వెనక్కి జరిగేది. వెనక స్కూటర్ల వాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. మళ్ళీ దిఖా, మళ్ళీ పీఛే. ఆమెకు ఏమీ కనపడని చోటు వచ్చేదాకా అలా నెట్టుకుంటూ పోయేది. "ఇక్కడ కనపట్టంలా" అని సరోజ అన్నాకే, "బస్, ఆ జావో" అని చెయ్యి ఊపి రమ్మనేది. ఆ కనపడని చోటేదో తేలితే గాని బోర్డును తయారీకి ఇచ్చేది కాదు.

శరణ్య పుట్టిందీ పెరిగిందీ మిలిటరీ క్వార్టర్లలో. తండ్రి లక్ష్మీపతి గిద్దలూరు నుంచి సైన్యంలో చేరినవాడు. రెండేళ్ళకో ఊరు, రెండేళ్ళకో బడి. ఇంట్లో తెలుగు వినడం వచ్చింది గాని చదవడం రాలేదు. లక్ష్మీపతి రిటైరై గుర్‌గావ్‌లో ఒక కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కుదిరాక, వాళ్ళు మునిర్కాలో ఇల్లు తీసుకున్నారు. డిజైను చదువు అయ్యాక పిల్ల నోయిడాలో ఉద్యోగానికి వెళ్ళింది. ఏడాది తిరక్కుండానే, "అక్కడ రోజంతా ఒకే సబ్బుపెట్టె చుట్టూ తిప్పుతున్నారు అమ్మా" అని మానేసి, సొంతంగా పనులు పట్టుకుంది.

ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో తెలుగు పిల్లలు పండగ చేసుకుంటూ హుడీలు వేయించుకుంటే, వీపు మీది బొమ్మ శరణ్యే గీసింది. ఢిల్లీ మెట్రో దారులన్నీ మెలికల ముగ్గు, స్టేషన్లన్నీ చుక్కలు. సరోజ ధనుర్మాసంలో మేడ మెట్ల మీద వేసే ముగ్గే అది. "నన్నడక్కుండా నా ముగ్గు అమ్ముకుంటివా" అని సరోజ దెప్పితే, "రాయల్టీగా చాయ్ పెడతా" అంది.

తర్వాత కొత్త పిచ్చి పట్టుకుంది. గల్లీ మొత్తాన్ని కంప్యూటర్లో కట్టడం. మేడలు, మెట్లు, నీళ్ళ ట్యాంకులు, ఆఖరికి తీగల చిక్కుముడితో సహా. బోర్డు పెడితే ఎలా ఉంటుందో షాపువాళ్ళకు ముందే చూపించడానికి. అందులో మనుషులెవరూ లేరు, గల్లీ చివర ఒక చీర కట్టిన మనిషి తప్ప. చేతిలో సంచి.

"నన్ను పెట్టావు సరే, నువ్వేడున్నావే ఇందులో?"

"మై తో దేఖ్ రహీ హూఁ అమ్మా. చూసేవాళ్ళు లోపల ఉండరు."

వానలు వెనకబట్టే రోజుల్లో జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. వారం తిరక్కుండా పిల్ల లేదు.

*

చలికాలం వచ్చింది. సరోజ పొద్దున లేస్తుంది, వండుతుంది, లక్ష్మీపతికి డబ్బా కడుతుంది.  కూతురి ల్యాప్‌టాప్‌ను దాని చున్నీలోనే చుట్టి బీరువాలో బియ్యపు డబ్బా పక్కన పెట్టింది. బియ్యం తీసినప్పుడల్లా ఒకసారి తాకి చూస్తుంది, వేడిగా ఉందేమోనని.

అట్లాంటి ఒకరోజు ఉదయ్‌కిరణ్ వచ్చాడు. శరణ్యతో కలిసి పనులు చేసిన వరంగల్ అబ్బాయి, పక్కనే జియా సరాయ్‌లో ఉంటాడు. వెంట భీమేశ్వరరావు ఉన్నాడు. ఆయనది ఈ గల్లీలోనే గోదావరి మెస్. నాలుగో అంతస్తు నుంచి కింది హాల్లోకి దిగాడు. కొత్త బోర్డు శరణ్యకే చెప్పుకున్నాడు.

"మేడ మీదున్నప్పుడే నయమండి అమ్మగారూ," అన్నాడు నిలబడే. "ఎక్కలేక తిట్టుకుంటానైనా వచ్చేవోరు. కిందికి దిగాక కనపట్టం మానేశానండి. అట్టముక్క మీద రాసి పెట్టాను, అదెవరు చూత్తారు? వేరే వాళ్ళు చేత్తామన్నారండి. నాకే మనసొప్పలేదు. అమ్మాయిగారు మొదలెట్టిందది."

"డిజైన్ అంత అయిపోయింది ఆంటీ," అన్నాడు ఉదయ్. "మీరు చూసుడొక్కటే మిగిలింది. మీరు చూడంది ఆమె ఏదీ బయటికి పంపలే. నేనెట్ల పంపాలె?"

సరోజ చున్నీ విప్పింది. ఉదయ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. గల్లీ వచ్చింది. ఎవరూ లేని గల్లీ. స్కూటర్లు లేవు, కుక్కలు లేవు, తెల్లవారకముందు వెలుతురు. ఆ చివర చీర కట్టిన మనిషి ఇటే చూస్తూ నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ ఆ బియ్యపు డబ్బా పక్కన, చీకట్లో, తనట్లా నిలబడే ఉందని సరోజకు అప్పుడు తట్టింది.

బోర్డు మీద మూడు భాషల్లో పేరు. పైన తెలుగు. ఆ తెలుగు తను క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చిందే. చదవడం రాని పిల్ల దాన్ని చూసి చూసి దిద్దుకుంది. అక్షరాలన్నీ తన రాతలాగే కాస్త కుడికి ఒరిగి ఉన్నాయి. బోర్డు మొత్తానికి తలకట్టున్నది ఒక్క 'వ'కే. దాన్ని శరణ్య ఆకులా గీసి, అక్షరానికి ఆనకుండా గాలిలో వదిలింది. అప్పట్లో సరోజ, "అది తలకట్టే పిచ్చిదానా, అక్షరానికి ఆనాల" అంటే, "కరివేపాకు అమ్మా. ఉడ్‌నే దో, ఎగరనీ" అంది.

"తినేటప్పుడు ఏరి పారేస్తావు, ఇప్పుడు బోర్డెక్కించావా" అని తను నవ్వింది.

*

ప్రింటు కట్టిన పొద్దున గల్లీలో మంచు. మేడల పైఅంతస్తులు కనపడనంత మంచు. సరోజ సంచి పట్టుకుని వెళ్ళి తన చోట నిలబడింది. అవతల ఉదయ్ ఆకారం మసగ్గా ఉంది.

"కనిపిస్తున్నదా ఆంటీ?" అని అరిచాడు.

ఆ అరుపు కిందనే ఇంకోటి వినపడింది. అమ్మా, దిఖా?

సరోజ అటూ ఇటూ చూసింది. మొమోల కొట్టతను షట్టరు ఎత్తుతున్నాడు, అంతే. ఎదురుగా మంచులో పచ్చగా ఆకు తేలుతోంది. దాని కింద అక్షరాలు ఒక్కొక్కటే, కూడబలుక్కోకుండానే, వచ్చి కంట్లో పడ్డాయి. గోదావరి మెస్.

కనపడుతోందని అనాలి. అంటే ఈ కాగితం రేపు తయారీకి పోతుంది. ఆ తర్వాత శరణ్య చెయ్యాల్సిన పని ఈ లోకంలో ఒక్కటీ మిగలదు. తను ఈ గల్లీ చివర నిలబడాల్సిన పనీ ఉండదు. అడిగే గొంతూ ఉండదు.

"కనపట్టంలా," అంది.

ఉదయ్ మంచును చూసి తల గోక్కున్నాడు. "సరే ఆంటీ. జర లావు చేస్త."

రెండోసారి అక్షరాలు లావెక్కాయి. మంచు పల్చగానే ఉంది. ఉదయ్ అరిచాడు, దాని కింద ఆ గొంతు అడిగింది. సరోజ కళ్ళు మూసుకుని వింది. "మసగ్గా ఉంది నాయనా," అంది. భీమేశ్వరరావు గడపలో నిలబడి, "నా కళ్ళకి బానే ఉందండి మరి," అని గొణిగి, కూర మాడుతోందని లోపలికి పోయాడు. ఆ పూట పిల్లలు ఇద్దరు అట్టముక్కను చూడకుండానే పక్క కొట్లోకి వెళ్ళడం సరోజ చూసింది. చూసి తల తిప్పుకుంది.

ఇంటికొస్తే లక్ష్మీపతి బూట్లు విప్పుతూ అన్నాడు. "ఇంకా కనపట్టం లేదంటివా?"

"లేదు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "నీ కళ్ళకేమీ కాలేదు గదా సరోజా," అన్నాడు. బూట్లు మూలన పెట్టి లోపలికి పోయాడు.

మూడోసారి పిలిచిన పొద్దున, సరోజ మెట్లు దిగేసరికి ముందు ఒక హుడీ నడుస్తోంది. వీపు మీద మెలికల ముగ్గు. మంచులో కాళ్ళు కనపడటం లేదు, ముగ్గు ఒక్కటే పోతోంది. నడక కూడా శరణ్యదే, ఎడమ భుజం కొంచెం వంచి. సరోజ సంచి గుండెకు ఆనించుకుని వెంటపడింది. తను తొందరపడితే ముగ్గూ తొందరపడింది. జిమ్ము దాటాక పిలవబోయి, ఏ పేరుతో పిలిచినా అది వెనక్కి తిరుగుతుందేమోనని భయపడి ఆగింది. ముగ్గు తనే తిరిగింది. ఎవరో చదువుకునే పిల్ల, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

"జీ ఆంటీ?"

"కుఛ్ నహీఁ బేటా."

ఆ పిల్ల మళ్ళీ వెనుదిరిగినప్పుడు దగ్గర్నుంచి చూసింది. ఉతికి ఉతికి బొమ్మ పెచ్చులూడింది. చుక్కలు సగం రాలిపోయాయి. ఇంకో చలికాలానికి ఉత్త గుడ్డ మిగులుతుంది.

సరోజ వెళ్ళి గల్లీ చివర నిలబడింది. ఉదయ్ అరిచాడు. సరోజ చెవులు రిక్కించింది.

ఉదయ్ గొంతు ఒక్కటే వినపడింది.

ఇంకోసారి అడగమని చెయ్యి ఊపింది. మళ్ళీ అతనొక్కడే. అప్పుడు బోర్డు వంక చూసింది. అక్షరాలు నిటారుగా, బలంగా, బ్యాంకు బోర్డులా ఉన్నాయి. ఎంత దూరానికైనా కనపడతాయి. వాటి మీద ఆకు లేదు.

సరోజ గబగబా షాపు కిందికి నడిచింది. "ఆకేదయ్యా?"

"మీకు కనిపిస్తలేదంటిరి కద ఆంటీ. వంకర తీసిన, లావు చేసిన. ఆఖరికి ఆకే అడ్డమొస్తున్నదేమోనని తీసేసిన."

"తీసేస్తివా." ఆమె తాడు పట్టుకుంది. "నేనే తీయించాను. నాకు మొదటిసారే కనపడిందయ్యా."

"మంచులనా?"

"మంచులోనే. అన్నీ కనపడినై."

ఉదయ్ కాసేపు కాగితం వంక చూశాడు. "మరి చెప్పకపోతిరి."

"చెబితే అయిపోద్ది గదా."

అతను నిచ్చెన ఎక్కి, ప్రింటు విప్పి, మడత పెట్టకుండానే చింపేశాడు. గడపలో నిలబడి అంతా విన్న భీమేశ్వరరావు గరిటెను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఇన్నాళ్ళ బేరం పోయిన మనిషి, ఏమైనా అంటాడని సరోజ తల వంచుకుంది.

"మంచులో తిరిగారు," అన్నాడాయన. "ఓ పెసరట్టేత్తాను, లోపలికి రండమ్మా."

"ఆ మొదటిదే పెట్టండి. ఆకుతో."

"ఆయ్. అదేనండి."

*

బోర్డు ఎక్కిన సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సరోజ ఒక్కతే వచ్చింది. అక్షరాలు ఒరిగి వెలుగుతున్నాయి. పైన పచ్చటి ఆకు, దేనికీ ఆనకుండా. ఎవరో పిల్లలు తలెత్తి చదువుకుని లోపలికి పోయారు.

ఆమె కొంచెం దూరం జరిగి నిలబడింది. షాపు కింద ఎవరూ లేరు.

అమ్మా, దిఖా?

"కనపడతా ఉంది," అంది సరోజ పైకే.

థోడా ఔర్ పీఛే.

వెనక్కి జరిగింది. జిరాక్స్ షాపు దాటింది. దిఖా? కనపడతా ఉంది. మొమోల ఆవిరి దాటింది. "ఆంటీజీ, దేఖ్ కే," అని రిక్షావాడు పక్కకు తప్పుకున్నాడు. ఆమె బోర్డు మీంచి కన్ను తియ్యలేదు. జిమ్ము దాటింది, అద్దెగదుల బోర్డు దాటింది. అక్షరాలు కలిసిపోయి ఒక గీతయ్యాయి. తర్వాత ఆకొక్కటే చుక్కలా మిగిలింది. తన చోటు కూడా దాటి, పెద్ద రోడ్డు మొదలయ్యే చోట ఒక అడుగు వెనక్కి వేస్తే తీగల నీడలో అదీ పోయింది.

"ఇక్కడ కనపట్టంలా," అంది సరోజ. ఈసారి అబద్ధం కాదు.

చేతిలో సంచితో, గల్లీలోకి చూస్తూ, రమ్మనే మాట కోసం నిలబడింది. బస్సులు పోతున్నాయి. దీపాలన్నీ వెలిగాయి. ఎవరూ రమ్మనలేదు.