దుబాసీ మింగిన కిటికీ

ఆమెని ఆ సేవాసంస్థ ఆఫీసులో అందరూ దుబాసీ అనేవారు. మొదట్లో ఎగతాళికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది ఒక్కటే పని. పరాయి భాషలో అడిగేవాళ్ళకీ మన భాషలో జవాబు చెప్పేవాళ్ళకీ మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం. ఎక్కడో ఉన్నవాళ్ళు డబ్బిస్తారు. ఇచ్చిన డబ్బు ఎంత మేలు చేసిందో కళ్ళారా చూసి రమ్మని మనుషుల్ని పంపుతారు. ఆ వచ్చినవాళ్ళకి ఈమె నోరు. పిలిచిన రోజు పని, పిలవని రోజు ఇల్లు.

ముప్పై తొమ్మిదో ఏట ఆమె పీజీలో చేరింది. లోకాన్ని ఉద్ధరిద్దామని కాదు. ఆఫీసులో ప్రోగ్రాం ఆఫీసర్ రెండేళ్ళలో రిటైరవుతాడు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే అంతర్జాతీయ అభివృద్ధి సహకారంలో పీజీ ఉండాలన్నారు. ఆమె భర్తకి మోటార్లు చుట్టే షాపుంది. ప్రవేశపత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "పేదరికం నేర్పడానికి ఫీజు కూడానా? మనింట్లో ఊరికే వస్తుంది కదే" అన్నాడు.

"మనింట్లో సర్టిఫికెట్ ఇవ్వరుగా" అంది.

క్లాసు మూడో అంతస్తులో. శాలువా కప్పుకుంటే గాని కూర్చోలేని ఏసీలో, ఎండలో పనిచేసేవాళ్ళ గురించి పాఠం. 'పేదవాళ్ళు' అనకూడదు, 'వనరులు అందుబాటులో లేనివారు' అనాలి. అడుక్కోవడాన్ని 'వనరుల సమీకరణ' అంటారు, కాకపోతే ఆఫీసులు అడుక్కున్నప్పుడే. బాణం గుర్తులతో పెద్ద పట్టిక ఒకటి గీయించేవారు. ఎడమ చివర పొయ్యి పెడితే కుడి చివర సాధికారత వచ్చేయాలి. మధ్యలో మనుషులు చెయ్యాల్సిన పని బాణాలు చేసిపెట్టేవి.

ప్రజల భాగస్వామ్యం అంటే ఏమిటో నేర్పడానికి ఒకరోజు సగం క్లాసుని గ్రామస్థుల్ని చేశారు, సగాన్ని నిపుణుల్ని చేశారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా జాగ్రత్తగా గొంతుక్కూర్చున్న ఒకడు చేతులు కట్టుకుని, "మాకేం తెలుసు సార్, మీరే దారి చూపించాలి" అన్నాడు. చప్పట్లు మోగాయి. వాడు ఈమె వైపు తిరిగి, "అక్కా, మీరు ఫీల్డులో తిరిగినవాళ్ళు కదా. బాగా చేశానా?" అని అడిగాడు.

"పదకొండేళ్ళలో ఇలా మాట్లాడినవాళ్ళని ఒక్కళ్ళనీ చూళ్ళేదు తమ్ముడూ."

"మరెలా మాట్లాడతారు?"

"ముందు ఎంతసేపు పడుతుందని అడుగుతారు."

అప్పటిదాకా ఆమెకి క్లాసంటే చిరాకే. రోత పుట్టింది రెండో సెమిస్టర్లో. ఆ రోజు ప్రొఫెసర్ తెరమీద ఒక ఫొటో వేశాడు. బొగ్గుమసి పట్టిన రెండు ముసలి చేతులు, కింద వంపుసొంపుల అక్షరాల్లో ఒక వాక్యం: 'ఈ పొయ్యి వచ్చాక నా కళ్ళు మళ్ళీ చూడటం నేర్చుకున్నాయి.' దాని కింద చిన్నగా, 'లబ్ధిదారు, ఇటుక బట్టీ' అని ఉంది. ప్రొఫెసర్ గొంతు బొంగురుపోయింది. "ఇలాంటి మాట రాయడం కవుల వల్ల కాదు. బాధ పడ్డవాళ్ళే అనగలరు" అన్నాడు. తన తొమ్మిది వ్యాసాల్లో ఈ మాట ఎత్తిరాశానని కూడా చెప్పాడు. పిల్లలు గబగబా రాసుకున్నారు.

దుబాసీ మాత్రం పెన్ను మూసేసింది. ఆ వాక్యం ఆ చేతుల ముసలామె అననేలేదు. అది తన వాక్యం.

ఏడేళ్ళ కిందటి సంగతి. బట్టీ పక్కన కార్మికుల వరస గదులు. ఒక్కో గదికి ఒక్కటే తలుపు, కిటికీ లేదు. ఇంటికొకటి చొప్పున పొగరాని పొయ్యిలు పంచారు. వాటి ఫలితం చూడ్డానికి దూరం నుంచి ఒక దొరసాని వచ్చింది. పొయ్యి ఎలా ఉందని అడిగితే, నలభై ఏళ్ళుగా ఇటుకలు కోస్తున్న ముసలామె గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఎలా ఉంటదమ్మా, కోడి పొదిగింది అందులో. పొయ్యి నోరు జానెడు, మా గిన్నె మూరెడు. కట్టె దూరాలంటే వేలంత ముక్కలు కొట్టుకోవాలి. పన్నెండు గంటలు మట్టి తొక్కొచ్చి ఆ ముక్కలెవరు కొడతారు, మీ దొరసాని కొడతదా? కళ్ళు పోయేది పొయ్యి వల్ల కాదు తల్లీ, పొగ పోయే దారి లేక. గోడకో కిటికీ పెట్టించమను. ఆరేళ్ళుగా అడుగుతున్నా. ఇంకేం వద్దు, కిటికీ. చెప్పావా? కిటికీ అని చెప్పు."

బయట జీపు ఇంజను ఆపలేదు. వెనక నిలబడ్డ కోఆర్డినేటర్, "కొంచెం పాజిటివ్‌గా రానీ" అని గొణిగాడు. దుబాసీకి ఇది కొత్త కాదు. తిట్లు తీసేసి, ఎత్తిపొడుపులు మింగేసి, మిగిలినదానికి కాస్త తీపి పూసి ఇవ్వడమే ఆ వృత్తిలో నేర్పు. అలా చేసేవాళ్ళకే మళ్ళీ పిలుపు వస్తుంది. కోడి సంగతి మింగింది, కట్టెలు మింగింది, కిటికీ కూడా మింగేసింది. కళ్ళు, పొయ్యి అన్న రెండు మాటలు పట్టుకుని ఆ వాక్యం అల్లింది. దొరసాని కళ్ళు తుడుచుకుంది. అందరూ జీపెక్కారు.

ఆ తర్వాత ఆ వాక్యం కాలెండరెక్కింది, వార్షిక నివేదిక అట్టమీదకెక్కింది. ఇప్పుడు పాఠంలోకీ వచ్చింది. దాన్ని చూపించి ఇంకో రెండు జిల్లాల్లో పొయ్యిలు పంచారు.

మూడో సెమిస్టర్లో ప్రొఫెసరే ఆమెకి గైడయ్యాడు. ఆ పొయ్యి విజయం మీదే థీసిస్ రాయమన్నాడు. ఆమె నోట్‌బుక్ పట్టుకుని మళ్ళీ అదే బట్టీకి, అదే గదికి వెళ్ళింది. ముసలామెకి ఒక కన్ను పూర్తిగా తెల్లబడింది, రెండోదీ అదే దారిలో ఉంది. మొహం పోల్చుకోలేకపోయింది గాని, రెండు మాటలు వినగానే, "నువ్వు ఆ రోజు దొరసానితో వచ్చినదానివేగా. గొంతు గుర్తుంది" అంది.

"అవును పెద్దమ్మా."

"కిటికీ సంగతి చెప్పావా?"

దుబాసీ లోపలికి తొంగి చూసింది. లోపలి గోడకి జానెడు మేర కొత్త సిమెంటు పూత కనపడితే, మాట మార్చడానికి అదేంటని అడిగింది.

"నేనే రెండిటుకలు పీకాను. మేస్త్రీ చూసి పూడ్చేశాడు. గోడ ఓనరుదంట."

లక్షల ఇటుకలు చేసిన మనిషి రెండిటుకలు తీయడానికి వీల్లేదు. మూల పొయ్యిలో కోడి కూర్చునుంది. ఏడేళ్ళనాటిది కాదు, దాని మనవరాలై ఉంటుంది.

థీసిస్‌లో ఆమె జరిగింది జరిగినట్టు రాసింది. ముసలామె మాటలు కోడితో సహా మొదటి పేజీలో పెట్టి, పక్కన తను చెప్పిన వాక్యం పెట్టింది. ప్రొఫెసర్ అది చదివి తలుపేసి రమ్మన్నాడు.

"ఇది తీసేయండమ్మా. పరిమితులు అని చివర్లో ఒక పేరా ఉంటుంది, అక్కడ అనువాదంలో కొంత తేడా ఉండొచ్చని ఒక ముక్క రాయండి."

"కొంత కాదు సార్. ఆవిడ అన్నది ఒక్కటీ లేదు."

"వైవాకి వచ్చే ఎగ్జామినర్ పొయ్యిలకి డబ్బిచ్చిన సంస్థ మనిషి. మీ డిగ్రీ, మీ ఉద్యోగం రెండూ ఆయన సంతకం మీదే ఉన్నాయి. నా తొమ్మిది వ్యాసాల సంగతి వదిలేయండి." వదిలేయమన్న మనిషి ఆ తొమ్మిదింటినీ బల్లమీద వరసగా పేర్చి పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన చేతిలో రాగితీగ చుట్టడం ఆపలేదు.

"ఉంచితే డిగ్రీ రాదంటావు."

"రాదు. మోటార్లు చుట్టడం నేర్పుతావా?"

"నీకు ఓపిక లేదు. తీగ తెంపేస్తావు." ఇంకో చుట్టు వేసి, "ఉంచెయ్" అన్నాడు.

ఉంచింది. వైవా రోజు వచ్చింది. ఎగ్జామినర్ మొదటి పేజీ తెరిచి చదివి వినిపించమన్నాడు. చదివింది. కోడి దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆ వాక్యం నాది, ఆవిడ కిటికీ అడిగింది, నేను చెప్పలేదు అని ముగించింది. ప్రొఫెసర్ పైకప్పు చూస్తున్నాడు.

ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అద్భుతం" అన్నాడు. "ఇంత నిజాయితీ ఈ రంగంలో చూడలేదు. అనువాదకురాలి ఆత్మవిమర్శ. దీన్ని పుస్తకంగా తేవాలి."

ప్రొఫెసర్ వెంటనే పైకప్పు నుంచి కిందికి దిగి, "నేను మొదట్నుంచీ ప్రోత్సహిస్తూనే ఉన్నాను" అన్నాడు. పదో వ్యాసం ఆయన కళ్ళలో కనిపించింది.

ఆమె మొదటి పేజీ మీద వేలు పెట్టింది. "మరి కిటికీ, సార్?"

"అది ఈ అధ్యయన పరిధిలోకి రాదమ్మా" అన్నాడు ఎగ్జామినర్, చాలా మెత్తగా.

డిస్టింక్షన్ ఇచ్చారు. పోస్టూ వచ్చింది. ఆమె దాన్ని కాలితో తన్నేసిందని రాస్తే చదవడానికి బాగుండేది. తన్నలేదు, చేరింది. నెల నెలా ఇల్లు గడవాలి. చేరిన వారానికి పొయ్యిల పథకం మూడో దశకి కొత్త పోస్టరు ఆఫీసు గోడకి అంటించారు. ముసలామె చేతులు అలాగే ఉన్నాయి, కళ్ళ వాక్యమూ అలాగే ఉంది. పక్కన ఈమె ఫొటో, కింద వంపుసొంపుల అక్షరాల్లో 'వినడం నేర్చుకున్నాను' అని ఉంది. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఎవరో ఆమెకీ తీపి పూశారు. బాత్రూంకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, కుర్చీని ఆ గోడకి వీపు పెట్టేలా తిప్పుకుంది.

ఆదివారం బట్టీకి వెళ్ళింది. ముసలామె గుమ్మంలో కూర్చుని కట్టె ముక్కలు చేత్తో తడిమి ఏరుకుంటోంది.

"కిటికీ సంగతి చెప్పాను పెద్దమ్మా."

"చెప్పావా? ఏమన్నారు?"

"బాగా చెప్పావన్నారు."

ముసలామె చేతిలో ముక్క పక్కన పడేసింది. "బాగా చెప్పావన్నారా. మరి కిటికీ?"

"అది వాళ్ళ పరిధిలోకి రాదంట."

"పరిధి అంటే ఏంటమ్మా?"

ఇన్నేళ్ళలో దుబాసీ ఏ మాటకీ అంతసేపు ఆగలేదు. "గోడ" అంది.

"అదైతే నాకు తెలుసు" అని ముసలామె గోడ పట్టుకుని లేచి, లోపలికెళ్ళి, పొయ్యిలోంచి కోడిని అదిలించి గుడ్లు తీసింది.