సబ్బుకి ఇరవై ఎనిమిది రోజులు

నెరియా అపోండి మొండి మనిషి. ఈ మాట నేనొక్కణ్ణే అనడం లేదు, ఆమెతో పది నిమిషాలు మాట్లాడినవాళ్లెవరైనా అంటారు. లోల్వే సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరి నీటి పరీక్షల ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరింది. కడుగుతూనే చదువుకుంది, పరీక్షలు పాసైంది, సీసాలు కడిగిన చేత్తోనే లోపలున్నదేమిటో కొలవడం నేర్చింది. మొత్తం పంతొమ్మిదేళ్లు. ఆమె కొలిచిన ప్రతి లెక్క కిందా ఇంకెవరిదో సంతకం. చివరికి మొన్న మార్చిలో తనిఖీవాళ్లొచ్చి, మూడు రోజులు ప్రశ్నలతో పిండి పిప్పి చేసి, "ఇకనుంచి ఈమె సంతకం చెల్లుతుంది" అని కాగితమిచ్చారు. దాన్ని గోడకి తగిలించలేదు, బైబిల్లో దాచుకుంది.

ఆ హక్కుతో చేతికొచ్చిన మొదటి పని సబ్బు పరీక్ష. ఓ ఫ్యాక్టరీవాళ్లు గిన్నెలు తోమే కొత్త ద్రవం చేశారు. మా ఆడవాళ్లు గిన్నెలూ చేపల బేసిన్లూ సరస్సులోనే కడుగుతారు కదా, అందుకని డబ్బా మీద "సరస్సులో ఇట్టే మాయమవుతుంది" అని రాసుకోవాలని వాళ్ల ఆశ. ఆశపడితే సరిపోదు, రుజువు కావాలి. శుభ్రమైన నీళ్లున్న సీసాల్లో ఆ ద్రవం పిసరంత వేస్తారు. మురుగునీటిని శుద్ధిచేసే చెరువు నుంచి తెచ్చిన నీళ్లు నాలుగు చుక్కలు కలుపుతారు. అందులో కంటికి కనిపించని పురుగులుంటాయి. వాటికి తినడానికి ఆ సబ్బు తప్ప మరోటి ఉండదు. మూత బిగించి చీకట్లో పెడతారు. పురుగులు తిన్నకొద్దీ సీసాలో ఆక్సిజన్ తగ్గుతుంది. వారానికోసారి కొన్ని సీసాలు తెరిచి ఎంత తగ్గిందో కొలవాలి. ఇరవై ఎనిమిది రోజుల్లో నూటికి అరవై పాళ్లు తింటే పాసు.

ఏడో రోజుకే యాభై ఐదు పాళ్లు పోయింది. పద్నాలుగో రోజుకి డెబ్బై తొమ్మిది. ల్యాబు పెద్ద డాక్టర్ ఒకాచ్ పొంగిపోయాడు.

"నీ చెయ్యి మంచిదమ్మా అపోండీ! మొదటి సంతకానికే ఎంత చక్కటి ఫలితమొచ్చిందో చూడు."

"చక్కగానా? కొత్త కోడలు కూడా అత్తింట్లో మొదటిపూట కంచం వంక ఓసారి చూసి గానీ ముద్ద పెట్టుకోదు డాక్టర్. ఇవేంటి, మూత వెయ్యడం ఆలస్యం మీదపడి మింగేశాయి?"

"ఆకలి మీదున్నాయేమోలే."

"ఆకలి కాదు. ఇదివరకే రుచి మరిగాయి."

ఆ మధ్యాహ్నమే శుద్ధి చెరువుల దగ్గరికి పోయింది. అక్కడ కాపలా ఉండే ఒగ్వేనో ఆమెకి వరసకు మేనమామ.

"మామా, నేను నీళ్లు పట్టుకెళ్లిన రోజు నిన్నేమడిగాను?"

"ఈ చెరువులోకి ఫ్యాక్టరీ గొట్టమేదైనా వస్తుందా అన్నావు. లేదన్నాను. ఉంటే చూపించు, చెవి కోయించుకుంటా."

"మరి గట్టు మీద ఈ టైర్ల జాడలేంటి?"

"అవా? సబ్బు ఫ్యాక్టరీ ట్యాంకర్లవి. ఆ కొత్త సబ్బు మొదలెట్టినప్పటి నుంచీ, ఆర్నెల్లుగా వారానికి రెండుసార్లొచ్చి దాని కడుగునీళ్లు ఇక్కడే పోసి పోతున్నాయి. నువ్వు గొట్టం అడిగావు గానీ ట్యాంకరు అడగలేదుగా తల్లీ!"

అపోండి వంగి ఆ జాడల లోతు చూసింది. ఆయన్నని ఏం లాభం? ల్యాబు ఫారంలో ఉన్న ప్రశ్నే చదివింది, వచ్చిన జవాబుకి టిక్కు పెట్టింది. టైర్ల జాడలు ఆ రోజూ ఉండే ఉంటాయి. వాటిని తొక్కుకుంటూనే చెరువులో దిగింది. ఆర్నెల్లుగా ఈ సబ్బే తిని బతికిన పురుగులు సీసాలో మాత్రం ఎందుకు మానేస్తాయి? ఆ రుచే ఎరగని పురుగులు తింటేనే అది రుజువు. ఆ డెబ్బై తొమ్మిదికి విలువ లేదు.

సంగతి వినగానే ఒకాచ్ గది తలుపు వేశాడు.

"లెక్కలో తప్పుందా?"

"లేదు. నీళ్లు తెచ్చిన చోటే తప్పు."

"ఎవరూ అడగలేదు కదమ్మా."

"నేనడిగాను కదా."

"నీ మంచికే చెబుతున్నా. మొదటి పనే తప్పని నీ చేత్తో రాసిస్తే సంతకం హక్కు ఊడిపోతుంది. మళ్లీ తనిఖీవాళ్లు ఎప్పుడొస్తారో దేవుడికే ఎరుక. పంతొమ్మిదేళ్లు ఆగినదానివి."

"అబద్ధం కింద సంతకం పెట్టడానికైతే అన్నేళ్లు ఆగక్కర్లేదు డాక్టర్. మొదటి ఏడే పెట్టేసేదాన్ని."

ఏడవలేదనుకునేరు! ఇంటికెళ్లి, బైబిల్లో కాగితం తీసి, ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దున్నే తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చేసింది. వెంటనే కొత్త నీళ్లకి బయల్దేరతానంది. ఒకాచ్‌కి ఒళ్లు మండి, "ల్యాబు బండి లేదు, నీ తిప్పలు నువ్వు పడు" అన్నాడు. పడింది. రెండు గంటల దూరాన కొండ మీద ఓ చిన్న పట్నముంది. అక్కడి శుద్ధి చెరువులోకి సబ్బు ట్యాంకర్లు పోవు. ఈసారి గొట్టం అడిగింది, ట్యాంకరు అడిగింది, బకెట్టుతో పోసేవాళ్లున్నారా అని కూడా అడిగింది. క్యాను నింపి ఒళ్లో పెట్టుకుని మటాటు వ్యానెక్కింది. బండి కదలగానే జనం ముక్కులు మూసుకున్నారు.

"ఏంటమ్మా ఆ కంపు? మూతెయ్!" అని కండక్టరు అరిచాడు.

"వీల్లేదు నాయనా. లోపలున్నవి ప్రాణాలు. మూతేస్తే గాలాడక చస్తాయి."

"వెయ్యకపోతే మేం చస్తాం!"

బండంతా ఒకటే నవ్వు. ఆమె మాత్రం కిటికీ తెరిచి, క్యానుకి గాలి తగిలేలా పట్టుకుని, ఊరొచ్చేదాకా ఎవరెన్ని అన్నా దించలేదు.

మళ్లీ ఇరవై ఎనిమిది రోజులు. ఏడో రోజుకి మూడు పాళ్లు. పద్నాలుగుకి పంతొమ్మిది. పురుగులే చచ్చాయేమోనని ఒకాచ్ సణిగాడు. దానికీ తయారుగా ఉంది అపోండి. సబ్బు బదులు తేలిగ్గా అరిగే మరో పదార్థం వేసిన సీసాలు పక్కనే ఉన్నాయి, వాటిల్లో పురుగులు సుబ్బరంగా ఎనభై పాళ్లు తినేశాయి. సబ్బు సీసాలు ఇరవై ఎనిమిదో రోజుకి నలభై నాలుగు దగ్గర ఆగాయి. తప్పు రాసిచ్చిన వారానికే ఆమె సంతకం హక్కు ఊడిపోయింది కాబట్టి నివేదిక కింద ఒకాచ్ సంతకం చేశాడు. చేసేముందు ప్రతి లెక్కా రెండుసార్లు చూశాడు, ఒక్క అంకె కూడా మార్చమనలేదు.

ఫ్యాక్టరీ తరఫున బరాసా వచ్చి కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఓ దాంట్లో డెబ్బై తొమ్మిది, ఇంకో దాంట్లో నలభై నాలుగు. ఏది నమ్మాలక్కా?"

"రెండోది. మొదటివి మీ ట్యాంకర్లు మేపిన పురుగులు. సరస్సులో పురుగుల్ని ఎవరు మేపారు?"

"అయితే డబ్బా మీద ఆ మాట రాయలేను."

"రాయలేవు."

అతను మధ్యలో ఉన్న కాగితం పైకి తీశాడు. నీళ్లు తెచ్చిన చోటు తప్పు, తప్పు నాది, ఈ ఫలితం చెల్లదు అని అందులో మూడు వాక్యాలున్నాయి.

"ఇదొక్కటీ లేకపోతే మొదటిదే చెల్లేది. ఎవరిది ఈ సంతకం?"

"నాదే," అంది అపోండి తల దించకుండా. "మొట్టమొదటిది. ఇప్పటికైతే ఆఖరిది కూడా."