కుడిచేతి గేరు

మా ఆయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. అప్పట్లో గుడివాడలో అద్దెకుండేవాళ్ళం. పెదపారుపూడి వైపు పల్లెలన్నీ తిరగాల్సిన ఉద్యోగం కాబట్టి, అప్పటికే ఇద్దరి చేతులు మారిన బరువైన మోటారు సైకిలు ఒకటి కొనుక్కున్నారు. అది వీధి మలుపు తిరిగిందంటే నేను పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మరిగేవి.

పెళ్ళయిన కొత్తలో నాకా బండి గిట్టేది కాదు. ఆదివారం వచ్చిందంటే పెరట్లో గోనెపట్టా పరిచి దాన్ని విప్పేవారు. నట్లు కడగడానికి నా ఇత్తడి పళ్ళెం, చేతులు తుడుచుకోడానికి నా పాత చీర. చింతపండు పెట్టి ఎంత తోమినా పళ్ళేనికి కిరసనాయిలు వాసన పోయేది కాదు.

"మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు కదండీ" అంటే నవ్వేవారు.

"వాళ్ళు ఊరి పశువుని చూసినట్టు చూస్తారు. మనింటి పశువుని మనం చూసుకోవద్దూ?"

వంటింటి కిటికీలోంచి పెరడంతా కనిపించేది. కూరలు తరుగుతూ ఆయన చేసేవన్నీ చూస్తూ ఉండేదాన్ని. నేర్చుకోవాలని కాదు. ఎదురుగా ఇంకేమీ లేక.

ఒక ఏడు వానల్లో, ఏదో ఊళ్ళో గేదెకి గొట్టంతో మందు పడుతుంటే అది బురదలో జారి ఆయన మీద పడింది. కుడికాలు దాని కింద నలిగిపోయింది. మచిలీపట్నం ఆస్పత్రిలో మూడు వారాలున్నాం. ఇంటికొచ్చాక పిండికట్టుతో మూడు నెలలు. కట్టు విప్పేసరికి మడమ దగ్గర కీలు బిగుసుకుపోయింది. నడవగలరు గానీ పాదం పైకీ కిందికీ ఆడదు.

ఆ బండికి కిక్కూ గేరూ రెండూ కుడికాలి వైపే.

ఆఫీసులో ఆయన్ని మందుల గదిలో కూర్చోబెట్టారు. సీసాలకి చీటీలు అంటించడం, పుస్తకంలో రాసుకోవడం. సాయంత్రం రిక్షాలో ఇంటికొచ్చి, కాఫీ తాగి, పెరట్లోకెళ్ళి బండి మీది పరదా తీసి దుమ్ము తుడిచి మళ్ళీ కప్పేవారు. నాతో మాట తగ్గిపోయింది. ఏ ఊళ్ళో ఎవరి ఆవు ఈనిందో, ఎవరి ఎద్దు పొడిచిందో రోజూ చెప్పే మనిషి, 'ఉప్పు సరిపోయిందా' అని అడిగితే 'ఆఁ' అని ఊరుకునేవారు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఆయన పెద్దక్క భర్త, నాకు వరసకి అన్నయ్య గారు, ఒక కుర్ర రైతుని వెంటబెట్టుకొచ్చారు.

"ఊరికే తుప్పు పట్టించడం దేనికి బావా? ఈయన మంచి బేరమే చెప్తున్నాడు" అన్నారు.

మా ఆయన తలూపారు. బండి పెరటి మధ్యకి తీశారు. రైతు దాన్ని స్టార్టు చేసి చూడాలన్నాడు. గట్టిగా ఒక్క తన్ను తన్నాడు. కిక్కు ఎదురు తన్ని అతని పిక్క మీద కొట్టింది. రెండోసారి కూడా అంతే. మూడోసారికి కాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"దీనికో పద్ధతుందండీ" అని మా ఆయన లేచారు. లేచి, అడుగు ముందుకు వేసి, ఆగిపోయారు. ఆయన చెప్పగలరు, చెయ్యలేరు. ఆ ఆగిపోవడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను.

నాకేం పట్టిందో తెలీదు. కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి దోపుకుని బండి దగ్గరికి వెళ్ళాను. హ్యాండిల్ కింద చిన్న మీట ఉంటుంది. అది నొక్కి పట్టుకుని, కరెంటు చూపించే అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కుని మెల్లగా తొక్కి, మీట వదిలేసి అప్పుడు తన్నాలి. కిటికీలోంచి ఎన్ని వందలసార్లు చూశానో. ఒక్క తన్నుకే బండి లేచింది. పెరటి గోడ మీద కాకులు ఎగిరిపోయాయి.

రైతు నోరు తెరిచాడు. "ఇదేంటమ్మాయ్!" అన్నారు అన్నయ్య గారు. నాకు సిగ్గేసింది గానీ, మా ఆయన ముఖం చూశాక ఆ సిగ్గు నిలబడలేదు. ఆ చప్పుడు వింటూ, జ్వరం దిగిన మనిషిలా నిలబడి ఉన్నారాయన.

"ఏవండీ, ఆ గేరు కాలితోనే వెయ్యాలా?" అని అడిగాను.

"మరి?"

"చేత్తో వేస్తే పడదా?"

ఆయన బండి దగ్గరికి వచ్చారు. వంగి గేరు కాడని చేత్తో పట్టుకుని పైకి లాగారు. కిందికి నొక్కారు. "పడుతుంది" అన్నారు.

"అన్నయ్య గారూ, పది రోజులు ఆగండి" అన్నాను. అన్నయ్య గారికి కొంచెం కోపం వచ్చింది. భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. గుడ్డ కత్తిరించే ముందు కాగితం కత్తిరించుకోవడం అలవాటు. ఆయన్ని బండి మీద కూర్చోబెట్టి, బట్టలారేసే దండెం తీగ ఒక మూర తెంపి, గేరు కాడ దగ్గర్నుంచి మోకాలిని తప్పించుకుంటూ పెట్రోలు ట్యాంకు పక్కదాకా వంచాను. చెయ్యి హ్యాండిల్ వదిలి హాయిగా కిందికి దిగే చోట తీగ పైకొస ఆగాలి. నాలుగుసార్లు వంచి, నాలుగుసార్లు సరిచేశాను.

"కదలకండి."

"నేనేమన్నా జాకెట్టు కొలతలిస్తున్నానా?" అన్నారు. చాలా నెలల తర్వాత విన్న వేళాకోళం అది.

దోమతెర కట్టే మంచం చువ్వ ఒకటి విప్పి, స్నానాల గది పొయ్యిలో ఎర్రగా కాల్చి, తీగ వంపుకి సరిగ్గా వంచారు. కొసని సుత్తితో చదును చేసి, రంధ్రం వేసి గేరు కాడకి బిగించారు. లాగితే మొదటి గేరు పడింది. రెండో గేరుకి కిందికి నొక్కితే చువ్వ విల్లులా వంగింది. అది లోపల బోలుగా ఉన్న గొట్టమని అప్పుడు తెలిసింది. ఆ మంచానికి దోమతెర నిలబడక, ఆ ఎండాకాలమంతా దోమలకి తగలపెట్టిన వేపాకు పొగ పీల్చాం.

మర్నాడు తీగ పట్టుకుని ఇద్దరం బస్టాండు దగ్గర లేతు షాపుకెళ్ళాం. దాని యజమాని ఒక పెద్ద సాయిబు గారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తీగని అటూ ఇటూ తిప్పారు.

"ఇది వంచిందెవరండీ?"

"మా ఆవిడ."

"మోకాలి దగ్గర మంచి మలుపు ఇచ్చావమ్మా. మా నాన్న రోజుల్లో బళ్ళకి చేతిగేరే ఉండేది. కొత్తేం కాదు. కానీ చెయ్యి యాక్సిలరేటరు మీంచి తియ్యాలి, అది గుర్తుంచుకోవాలి బాబూ. తొందరపడకూడదు."

గట్టి ఇనప కడ్డీతో రెండు రోజుల్లో చేసిచ్చారు. పైకొసకి సైకిలు హ్యాండిల్ రబ్బరు ఒకటి తొడిగాం. ఇరుక్కోవడం, ఊగడం ఏమీ లేదు. స్టాండు మీదే నాలుగు గేర్లూ వేసి చూసుకున్నాం.

ఇనుముతో చిక్కు తీరింది గానీ, అలవాటుతో తీరలేదు. తెల్లారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కాలవ గట్టు మీద బయల్దేరాం. నేను వెనక కూర్చున్నాను. వేగం అందుకోగానే ఆయన కుడికాలు తనంతట తాను గేరు కోసం కదిలింది. పాదం ఆడలేదు. ఆ తడబాటులో బండి గిలగిల్లాడి ఆగిపోయింది. దిగి నేను కిక్కు కొట్టాను. మళ్ళీ అంతే. మూడోసారి ఆగినప్పుడు ఆయన హ్యాండిల్ మీద తల ఆనించేశారు.

"కాలు మర్చిపోదే" అన్నారు.

"నేను గుర్తుచేస్తాను, పదండి" అన్నాను.

ఆ తర్వాత గేరు మార్చాల్సిన ప్రతిసారీ ఆయన వీపు మీద తట్టి "చెయ్యి!" అని అరిచేదాన్ని. చప్పుడుని బట్టి ఎప్పుడు మార్చాలో నాకు తెలిసేది. నారుమళ్ళకి వెళ్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. వారం రోజులు అలా అరిచాను. ఎనిమిదో రోజు నేను తట్టేలోపే ఆయన చెయ్యి కిందికి దిగి గేరు పడిపోయింది. అలాగే ముందుకి వెళ్ళి, ఒక పాక హోటల్లో ఇడ్లీ తిని వచ్చాం.

ఆఫీసులో డాక్టరు గారు బండిని చుట్టూ తిరిగి చూసి, "పడితే నా పూచీ లేదు" అని మళ్ళీ పల్లెల డ్యూటీ వేశారు. పొద్దున కిక్కు నేను కొట్టేదాన్ని. ఊళ్ళల్లో రైతులెవరో కొట్టి పంపేవారు. కొన్నాళ్ళకి బండి పక్కన నిలబడి ఎడంకాలితో తన్నడం ఆయనే పట్టుకున్నారు.

తర్వాతి కార్తీకంలో దివిసీమకి ఉప్పెన వచ్చింది. మిగిలిన పశువులకి టీకాలు వేయడానికి చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి మనుషుల్ని పంపితే, ఈయన బండి మీద ఘంటసాల, చల్లపల్లి మీదుగా వెళ్ళారు. మూడు వారాల తర్వాత కార్డు ముక్క వచ్చింది. "క్లచ్ తీగ తుప్పు పట్టి తెగింది. కొత్తది కొని ఎవరితోనైనా పంపు."

ఎవరితోనో పంపడం దేనికని నేనే బస్సెక్కాను. పులిగడ్డ దాటాక రోడ్డు పక్క చెట్లన్నీ ఒకే వైపు పడి ఉన్నాయి.

అవనిగడ్డ అవతల ఒక బడి వరండాలో వాళ్ళ మకాం. ఆయన వేళ్ళు సిరంజి నొక్కీ నొక్కీ వాచిపోయి ఉన్నాయి. సన్న నట్టు పట్టుకుంటే జారిపోతోంది. "ఇలా ఇవ్వండి" అని తీసుకున్నాను. ట్యాంకు కిందుగా పాత తీగ లాగి, కొత్తదానికి ఆముదం పట్టించి, అదే దారిలో దూర్చి బిగించాను. హ్యాండిల్ దగ్గర ఎంత వదులుండాలో మాత్రం ఆయన చెప్పారు. ఒక ముసలాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఇంట్లో ఒక్క పాడి ఆవు మిగిలిందట. అది మేత ముట్టడం లేదట.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు.

"అయిపోయింది తాతా."

బండి లేపాను. మా ఆయన మందుల పెట్టె కట్టుకున్నారు. ముసలాయన్ని వెనక ఎక్కించుకుని, గేరు వేసి, బురద తప్పించుకుంటూ మెల్లగా వెళ్ళారు. నేను వరండా మెట్టు మీద కూర్చుని చేతులు ఇసకతో రుద్దుకున్నాను. గంట తర్వాత ఆయన ఒక్కరే తిరిగొచ్చి, ఆవు నీళ్ళు తాగిందని చెప్పారు.